గింజ లేని తీగ

మా నాయన ద్రాక్ష గింజలు నాటి గింజ లేని ద్రాక్ష పండించాలనుకున్నాడు. మా ఊరు ఐరాలలో ఈ మాట విన్నవాళ్ళంతా నవ్వారు. అలాంటి రకం కావాలంటే ఎవరైనా కొమ్మ తెచ్చి నాటుకుంటారు. ఆయనకు మాత్రం మా నేలలో పుట్టిన, తనదే అయిన కొత్త రకం కావాలి. ముల్లు తీసే పట్టకారుతో మా గింజల ద్రాక్ష పూలలోని కేసరాలు తుంచేసి, గింజ లేని తీగ పుప్పొడి అద్దేవాడు. అలా కాసిన పళ్ళ గింజలతో నారు పోశాడు. మొలకలు రాకముందే రకానికి పేరు కూడా అనుకున్నాడు.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అని అవ్వ దెప్పేది.

ఆ మొలకలు తీగలై కాయడానికి ఏళ్ళు పట్టింది. ఒకదాని కాపు పులుపు, ఇంకోదానిలో కండ కంటే గింజలే ఎక్కువ. నాకు చిత్తూరులో ఉద్యోగం వచ్చేసరికి నాయన అన్నిటినీ పెరికేశాడు, బావి దగ్గరి ఒక్క తీగ తప్ప. అది తియ్యగా కాసింది. ఒక పండు నా నోట్లో పెట్టి, నమిలేదాకా నా దవడల వైపే చూశాడు.

"గింజ తగిలిందా పాపా?"

"లేదు నాయనా."

ఆయన అక్కడే గట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తొలి గుత్తి కాణిపాకం వినాయకుడికి ఇచ్చి వచ్చాం.

దేవుడికి మేం గుత్తి ఇచ్చాం, ఆయన మాకు ఒక్క మంచి వాన ఇవ్వలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. బావి ముందే ఎండింది, తర్వాత బోరూ ఎండింది. ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలేవి కావు. తీగ చచ్చేలోగా నాయన కొమ్మలు కత్తిరించి, మట్టి నింపిన కవర్లలో గుచ్చాడు. అమ్మ బియ్యం కడిగిన నీళ్ళన్నీ వాటికే పోసింది. కొన్నాళ్ళకు కణుపుల దగ్గర చిగుళ్ళు వచ్చాయి.

"బతికినాయి, సూడు" అంది అమ్మ.

నాయన ఒక కొమ్మను పట్టుకుని మెల్లగా లాగాడు. ఊరికే వచ్చేసింది.

"ఆకు సూసి మురిసిపోవద్దుమే. కొమ్మలో ఉండే సత్తువతో వచ్చింది అది. కింద వేరు లేదు."

కొద్దిరోజుల్లోనే చిగుళ్ళన్నీ వాడిపోయాయి. ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

కత్తిరించిన తల్లి తీగ మాత్రం ఆఖరుగా ఒక చిన్న గుత్తి కాసింది. ఎండాకాలంలో నేను ఇంటికి వెళ్ళేసరికి ఆ తీగ కట్టెలా ఎండిపోయి ఉంది. నాయన వసారాలో గుత్తిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తింటున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే, ఒక్కొక్క పండునూ గోటితో చీల్చి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెడుతున్నాడు.

"ఏం సూస్తా ఉండావు నాయనా?"

"యాడన్నా ఒక గింజ ఉండాదేమోనని."

గింజ నాటితే అదే పండు రాదని నాకు చెప్పింది ఆయనే. అయినా పక్కన కూర్చుని నేనూ ఒక పండు తీసుకుని చీల్చాను. దాంట్లోనూ లేదు.