గుర్రప్పిల్ల సలాం

ఆత్మకూరులో పెళ్లి గుర్రం దగ్గర ఉలవల వాసన తగలగానే మనవళ్లకు గొప్పలు చెప్పడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఉదయగిరిలో పొగరుబోతు గుర్రాన్ని ఒక్కపూటలో లొంగదీశానన్నాను.

నిజానికి అది జట్కా మస్తాన్ తాత పెంచుకుంటున్న ఏడాది పిల్ల. "వెనక్కి చూడబాకరా, ముందు నడువు. అదే వస్తాది" అని తాత తాడు చేతికిచ్చాడు. నేను దాని కళ్లలోకి చూస్తూ గుంజాను. అది మొరాయించింది. ఉక్రోషంతో రాయి విసిరితే, తాడు విడిపించుకుని పారిపోయింది.

"ఏందిరా, ఏం చేసినావు దాన్ని?"

"కరవబోయింది తాతా!"

తాత నమ్మాడు. అంతవరకూ కొరడా దెబ్బ ఎరగని పిల్లను పట్టుకొచ్చి బాదాడు.

మర్నాడు అది నా వెనకే నడిచింది. నేను తల గోక్కోవడానికి చెయ్యెత్తినా తల దించేసేది. నాకు సలాం చేస్తోందని ఊరంతా చెప్పుకున్నాను.

మనవళ్లకూ ఇందాక అదే చెప్పాను.