జైనబత్త కొట్టేయించిన మాట

ఈ రోజు మధ్యాహ్నం మా ఆఫీసు కిటికీ ముందు ఒకావిడ చేతిసంచిలోంచి కాగితాల కట్ట తీసింది. కట్ట విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది. నాకు మాత్రం ఆత్మకూరులో మా పక్కింటి జైనబత్త కళ్లముందుకొచ్చింది. పట్టుచీరలున్న ఇళ్లలో వాటిని ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో, ఆమె తన కాగితాలను అంత జాగ్రత్తగా కలరా ఉండలు వేసి ఇనప్పెట్టెలో దాచుకునేది.

ఆమె భర్త మిలిటరీలో చేసి వచ్చి, కొన్నేళ్లకే గుండెజబ్బుతో పోయాడు. ఆమె రవికెలు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను పెంచింది. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఏళ్ల తరబడి తిరిగి, చివరికి సాధించుకుంది. చదివింది ఐదో తరగతే అయినా, ఏ కాగితం ఏ టేబుల్ మీద ఆగుతుందో ఆమెకు తెలిసినంతగా ప్లీడర్లకు కూడా తెలియదు. మా నాన్న కూడా సైన్యంలో చేసి వచ్చినవాడే. నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా కామెర్లతో చనిపోయాడు.

పెన్షన్ అమ్మ పేరు మీదికి మారాలి. నాన్న సర్వీసు రికార్డులో భార్య పేరు నాగమ్మ అని ఉంది. అమ్మ ఆధార్‌లో నాగలక్ష్మి. కర్నూలులో ఒక ఆఫీసుకు అమ్మ ఒక్కతే వెళితే, "ఆయన భార్య నాగమ్మ. నువ్వెవరు?" అని అడిగారట. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "ఆడమనిషి ఆఫీసుల చుట్టూ తిరిగితే ఏం బాగుంటాది? ఇడిసిపెట్టండి" అన్నాడు మా చిన్నాయన. పక్కింట్లోంచి ఆ మాట విన్న జైనబత్త కుట్టుమిషన్ ఆపి వచ్చింది.

"ఈ పాప కాలేజీ ఫీజు నువ్వు కడతావాప్పా?"

చిన్నాయన లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"అట్లయితే పక్కకుండు."

మరుసటి వారం ముగ్గురం కర్నూలు బస్సెక్కాం. అదే ఆఫీసులో, కిటికీ వెనక గుమాస్తా కాగితాలు చూసి వెనక్కి నెట్టాడు. "పేరు తేడా ఉండాది. కుదరదు."

"ఆ మాటే రాసియ్యప్పా" అంది జైనబత్త.

"ఏం రాయాల?"

"ఈమె ఆయన పెండ్లాం కాదని. సంతకం పెట్టి, సీలు వేసి ఇయ్యి. అది పట్టుకొని యాడికి పోవాల్నో ఆడికి పోతాం."

మా వెనక నిలబడ్డవాళ్లు వినడానికి ముందుకు జరిగారు. గుమాస్తా కాగితాలను మళ్లీ తన వైపు లాక్కున్నాడు. తర్వాత, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపత్రం ఎలా రాయించాలో, దానికి ఏమేం జతచేయాలో ఒక చీటీ మీద రాసిచ్చాడు. అమ్మ మొదటిసారి వచ్చినప్పుడే వాళ్లు ఆ చీటీ రాసివ్వాల్సింది. బయటికొచ్చాక అమ్మ ఏడ్చింది. "ఏడ్చేది ఇంటికాడ. ఈడ వాళ్లు చూస్తాండారు" అంది జైనబత్త.

అమ్మ మళ్లీ పెళ్లి చేసుకోలేదని కూడా ధ్రువపత్రం తేవాలి. సంతకం పెట్టాల్సిన అధికారి, గదిలో నలుగురి ముందు, "చిన్న వయసే కదా, ఎట్లా నమ్మేది?" అని నవ్వాడు. నేను జైనబత్త వైపు చూశాను. కాని మాట్లాడింది అమ్మ.

"మా ఆయన పోయినాక ఏం తింటాండామో మీరొక దినం అడగలేదు సార్. ఇది మటుకు అడుగుతాండారు. నమ్మకుంటే నమ్మలేదని రాసియ్యండి."

ఆయన నవ్వు ఆపి పెన్ను తీశాడు. అమ్మకు అంత గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది. జైనబత్త బస్టాండులో మా ఇద్దరికీ చెరకురసం ఇప్పించింది.

ఏడాది దాటాక పెన్షన్ మంజూరైంది. నేను డిగ్రీలో చేరేటప్పుడు, మాజీ సైనికుల పిల్లలకు ఇచ్చే చదువు గ్రాంటు కోసం దరఖాస్తు రాసుకున్నాను. జైనబత్త చదివి వినిపించమంది. "తమరు దయతలచి సహాయం చేయవలసిందిగా వేడుకొనుచున్నాను" దగ్గర కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వేడుకునేది దర్గా కాడ. మీ నాయన మంచుకొండల్లో కాపలా కాసినాడు. పొమ్మని ఆయన్ను ఎవరన్నా వేడుకున్నారా? ఆర్డరేసినారు, పోయినాడు. ఆ ముక్క కొట్టెయ్. నాకు రావలసింది ఇప్పించండి అని రాయి."

"వాళ్లకు కోపం వస్తాదేమో అత్తా."

"రానీ. కోపమొస్తే ఇయ్యగూడదని రూల్సులో యాడా లేదు."

కొత్త కాగితం తీసి మళ్లీ రాశాను. గ్రాంటు వచ్చింది. ఆ చదువుతోనే ఈ ఉద్యోగమూ వచ్చింది.

జైనబత్త పోయి రెండేళ్లయింది. జనాజా లేచిన రోజు ఆమె వాకిలి నిండా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్లలో ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకొని ఏదో ఒక ఆఫీసు మెట్లు ఎక్కించిన మనిషి ఆమె.

మొన్న అమ్మకు కంటి ఆపరేషనని సెలవు కాగితం ఇస్తే, మా పై అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "చివర్లో వేడుకొనుచున్నాను అని రాయడం మరిచిపోయావమ్మా" అన్నారు.

"మరిచిపోలేదు సార్" అన్నాను. కాగితాన్ని అలాగే ఆయన టేబుల్ మీద ఉంచి వచ్చాను.