వెన్నపూస మేడం రాయబారం

యూనివర్సిటీలో ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. మాట మెత్తన కాబట్టి అందరికీ వెన్నపూస మేడమే. ఆ మెత్తదనం పుట్టుకతో వచ్చిందనుకుంటే పొరపాటు, ఇంటి చాకిరీతో వచ్చింది. ఆవిడ చిన్నప్పుడు నాన్నా బాబాయీ ఏదో మాటా మాటా అనుకుని పలకరించుకోవడం మానేశారు. నాన్న కింద, బాబాయి మేడ మీద. కబుర్లు మోసే పని పిల్లమీద పడింది. "ఆ మొండిఘటాన్ని కుర్చీ ఈడ్చొద్దని చెప్పు, తల పగిలిపోతోంది" అని నాన్న అరిస్తే, పైకి వెళ్ళేసరికి అది "బాబాయ్, నాన్న నీ మోకాలు ఎలా ఉందో కనుక్కోమన్నాడు" అయిపోయేది. ఇప్పుడు ఆవిడ జుట్టూ నెరిసింది. ఆ మెట్లు మాత్రం ఇంకా ఎక్కుతూనే ఉంది.

అలాంటి మనిషి ఉండగా ఊరికి మంచినీళ్ళిచ్చే కంపెనీతో కలిసి యూనివర్సిటీ ఓ పీజీ కోర్సు పెట్టాలనుకుంటే, రాయబారానికి ఇంకొకరిని వెతుకుతారా? డిగ్రీలు పట్టుకొచ్చేవాళ్ళకి సూత్రాలు వస్తాయి గానీ నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు నడపడం రాదని కంపెనీ బాధ. అందుకే ఏ పాఠాలుండాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. సగం చదువు క్లాసులో, సగం ప్లాంటులో. పాసైనవాళ్ళకి అక్కడే ఉద్యోగం.

యూనివర్సిటీ తరఫున శాఖాధిపతి, కంపెనీ తరఫున ప్లాంటు మేనేజరు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ నోటిదురుసు. అంతా సాఫీగా సాగి, ఒక్క పాఠం దగ్గర బండి ఆగింది. ఏదైనా తేడా వస్తే ప్లాంటును ఎలా ఆపాలి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి? ఇది ఎవరు నేర్పాలి?

"మేమిచ్చేది డిగ్రీ అమ్మా, పానా కాదు. వాళ్ళనే నేర్పుకోమను" అన్నాడు శాఖాధిపతి.

"నడిచే ప్లాంటును పిల్లకాయల చేతికిచ్చి ఊరంతా గొంతెండి చావాలా? క్లాసులోనే చెప్పుకోమనండి" అన్నాడు మేనేజరు.

ఆవిడ రెండు మాటలూ మింగేసింది. మేనేజరుతో, "మీ అనుభవం అంటే మా సార్‌కి ఎంత గౌరవమో!" అంది. శాఖాధిపతితో, "మీ మాటను మేనేజరుగారు కాదంటారాండీ!" అంది. ఇద్దరూ మురిసిపోయి తల ఊపారు. నేర్పేది అవతలివాళ్ళేనన్న ధీమాతో ఊపారు. ఆవిడేమో ఎవరో ఒకరు ఒప్పుకున్నట్టేనని సర్దిచెప్పుకుంది. క్లాసులు మొదలయ్యాయి.

చివరి విడతలో విద్యార్థులు ప్లాంటుకు వెళ్ళారు. ఓ ఫిల్టరు పూడుకుపోతే, ఆపి మళ్ళీ నడపమన్నాడు మేనేజరు. "అది ఇక్కడే నేర్పుతారనుకున్నాం సార్" అంది ఓ అమ్మాయి. మేనేజరుకు ఒళ్ళు మండింది. ఈ చదువుకు ఉద్యోగాలిచ్చేది లేదని కబురు పెట్టాడు. ఉద్యోగం ఖాయమన్న ఆవిడ మాట నమ్మి, చేస్తున్న కొలువు వదులుకుని చేరినవాళ్ళు కూడా ఉన్నారు వాళ్ళలో.

మర్నాడే సమావేశం. "మీరే చెబుతామన్నారుగా!" "మేమెప్పుడన్నాం? మీరు కదా!" ఇద్దరూ ఆవిడవైపు తిరిగారు. చిన్న అపార్థమండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అద్దం తలుపు అవతల విద్యార్థులు గోడకానుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళని చూసేసరికి ఆవిడకి సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఎవరూ అనలేదు సార్. నేనే అన్నాను" అని, పానా దగ్గర్నుంచి పిల్లకాయల దాకా ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

ఇక చూస్కోండి. గది పైకప్పు లేచిపోయింది. పానా అంటే అంత చులకనా అని ఒకరు, మా విద్యార్థులు మీకు పిల్లకాయలా అని ఇంకొకరు.

"పెరట్లో వాడకం మానేసిన పాత ఫిల్టరుంది. మీ డిగ్రీతో దాన్ని నడిపించండి చూద్దాం!" అన్నాడు మేనేజరు ఎగిరిపడుతూ.

"నడిపిస్తా! పిల్లల్ని తీసుకుని రేపే వస్తా!" అని లేచి, శాఖాధిపతి కాస్త తగ్గాడు. "పానా ఎలా పట్టుకోవాలో మాత్రం మీరు దగ్గరుండి చూపించాలి మరి."

మేనేజరు పకపకా నవ్వాడు. కోర్సు కొంచెం పొడిగించారు, ఉద్యోగాలు నిలిచాయి. ఆ తర్వాత ఇద్దరూ నేరుగా ఫోన్లు చేసుకోవడం మొదలుపెట్టారు. తనతో పనిలేకపోయిందని ఆవిడ కాస్త చిన్నబుచ్చుకున్న మాట కూడా నిజమే.

ఓ సాయంత్రం పైన కుర్చీ కిర్రుమంది. "వెళ్ళి ఆ మొండిఘటంతో చెప్పవే" అన్నాడు నాన్న, అలవాటుగా.

ఆవిడ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. "నువ్వే చెప్పు నాన్నా. నేను సరిగ్గా చెప్పడం లేదు. ఎప్పుడూ చెప్పలేదు."

నాన్న ఆవిడని ఎగాదిగా చూసి, కర్ర అందుకుని విసవిసా మెట్లవైపు నడిచాడు. పైన కేకలు లేచాయి. పాత సంగతులన్నీ బయటికొస్తున్నాయి. ఆవిడ చీర చెంగు గుప్పిట్లో బిగించి, పైకి పరిగెత్తకుండా తనను తాను ఆపుకుంటూ కూర్చుంది.

కేకలు అలా సాగుతూ ఉండగానే, పైన ఇంకో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది.