చింతపండుతో తోమిన కళ్లద్దాలు

ఏటా ఉగాదినాడు మా తాత రాములవారి గుడి మండపంలో పంచాంగం చదువుతాడు. చదివేటప్పుడు వాళ్ల నాన్న వాడిన ఇత్తడి కళ్లద్దాలే పెట్టుకోవాలి. అది మా ఇంటి ఆచారం. వాటిలోంచి తాతకు ఒక్క అక్షరం కనిపించదు. అదీ మా ఇంటి ఆచారమే.

అందుకని ముందురోజే మామూలు అద్దాలతో చదివి బట్టీపట్టి, మర్నాడు పుస్తకంకేసి చూస్తూ అప్పజెప్పేవాడు. కిందటేడు మాత్రం బెంగపడ్డాడు.

"ఒరే, బుర్రలో ఏదీ నిలబడ్డం నేదు. మద్దెలో ఆగిపోతే పంచాంగం సదివే ఆ పీట మీ సినతాత లాగేస్తాడ్రా."

దానికితోడు మామూలు అద్దాలు కాస్తా విరిగాయి. తాతను విజయనగరం తీసుకెళ్లాను. తోపుడుబండి నిండా రెడీమేడ్ కళ్లజోళ్లు, అన్నీ పాతకాలం మోడళ్లే. కొత్తవి పాతవాటిలా కనిపించాలట! బండివాడు పేపరు ముక్క చేతికిచ్చి, అక్షరాలు కనిపించేదాకా జోళ్లు మార్చమన్నాడు. కంటి పరీక్ష అయిపోయింది. తాత గుండ్రటి బంగారురంగు జోడు పట్టుకుని, "అచ్చం మా నాయనదిలాగున్నాది" అన్నాడు.

అక్కడే వచ్చింది తంటా.

పండగ పొద్దున్న నానమ్మ ఇత్తడి సామానంతా చింతపండుతో తోమింది. ముత్తాత అద్దాలనూ ఏటా అందులోనే తోముతుంది. ఈసారి బల్ల మీద రెండు జోళ్లు కనిపించేసరికి రెండింటికీ సమానంగా న్యాయం చేసింది. పాతది పెళ్లికొడుకులా మెరిసింది. కొత్తదానికి పూత లేచిపోయి నల్లమచ్చలు తేలాయి. తాత మచ్చలదే పాతది అనుకుని, సరిగ్గా తోమలేదని నానమ్మను నాలుగు మాటలని, దాన్నే జేబులో వేసుకున్నాడు.

మండపంలో అద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచాడు. అక్షరాల మీద వేలు పోనిచ్చాడు. కళ్లలో నీళ్లు.

"మా నాయన నాకు సూపిచ్చాడ్రా!"

జనం చేతులు జోడించారు. ఆ చూపు తోపుడుబండి మీద దొరికిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. చెప్పాలా, నేనూ దండం పెట్టాలా? తేల్చుకోలేక బుర్ర గోక్కున్నాను.

తాత ఉన్నదున్నట్టు చదవడం మొదలుపెట్టాడు. వానలో ఎక్కువ భాగం సముద్రానికి. తర్వాత కొండలకు. మన నేలకు మిగిలింది కాస్త.

"ఏటి మావా! పెతీ ఏడూ దండిగా పడతాదనేవోడివి కదా?" అన్నాడో వరి రైతు.

బట్టీపట్టేటప్పుడు ఇలాంటివి జారిపోయేవి కాబోలు.

ఇంతలో ఆడవాళ్ల వైపునుంచి నానమ్మ లేచింది. "అయ్యి నీ బాబువి కావు. ఇవిగో!" అంటూ, తాత బల్ల మీదే వదిలేసొచ్చిన మెరిసే జోడు కొంగులోంచి తీసింది.

తాత రెండు జోళ్లనూ చేతుల్లో పట్టుకుని చూశాడు. పక్కనున్న చినతాత చూపంతా పీట మీదే. తాత వాళ్ల నాన్నవి పెట్టుకున్నాడు. కాసేపు తడుముకున్నాడు.

"వానలు... దండిగా..."

ఆగిపోయాడు. భయపడినంతా అయింది.

"సెరువులు నిండుతాయి," అందించాడు రైతు.

"పాడి పెరుగుతాది," అంది వెనకనుంచి ఓ ముసలమ్మ.

ఏటా విన్నదే కదా, ఊరికంతటికీ నోటికొచ్చు. మిగతాదంతా వాళ్లే చదివేశారు. తాత తలూపుతూ కూర్చున్నాడు. పీట కదల్లేదు.

ఇంటికొస్తూ అడిగాను: "ఇంతకీ ఏది నిజం తాతా?"

"నాకేటి తెలుసురా? నువ్వే పెట్టి సూడు."

రెండు జోళ్లూ నా చేతిలో పెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని ఆకాశంకేసి చూశాను. నాకు రెండింట్లోనూ మసకే.