కరుణమ్మ మానేసిన అన్నం

2002 జూన్‌లో నరసాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, షుగర్ క్లినిక్‌కి డైటీషియన్‌గా చేరాను. పెద్ద డాక్టరు గారు, ఆయన కింద డ్యూటీ డాక్టరు, ఆ తర్వాత స్టాఫ్ నర్సు, అందరి తర్వాత నేను. నా బల్ల మందుల కౌంటరుకీ మెట్లకీ మధ్య ఉండేది. రోగి ముందు డాక్టరు గారికి చూపించుకుని, మాత్రలు కొనుక్కుని, పోతూ పోతూ నా దగ్గర ఆగి ఏం తినాలో రాయించుకునేవాడు. నేను రాసిన చార్టు అతనితో పాటు ఇంటికి వెళ్లిపోయేది. డాక్టరు గారి గదిలోకి మళ్లీ వెళ్లేది కాదు. అదేమిటని నేనూ అడగలేదు.

మాది పాలకొల్లులో కిరాణా కొట్టు. నేను చదివింది హోంసైన్సే అయినా పనికొచ్చిన చదువు మాత్రం కొట్లో అబ్బిందే. మొదట చెప్పే ధర అమ్మడానికి కాదు, దిగడానికి అనేవారు మా నాన్న. ఆ సూత్రాన్నే తెచ్చి రోగుల మీద ప్రయోగించాను. మూడు పూటలా అన్నం తినే సీమలో “కాస్త తగ్గించండి” అంటే ఒక మెతుకు తగ్గిస్తారు. అందుకని “అన్నం పూర్తిగా మానెయ్యండి” అనేదాన్ని. వాళ్లు ఉలిక్కిపడేవారు, బేరానికి దిగేవారు, చివరికి నేను మొదట్నించీ మనసులో అనుకున్న దగ్గరికే వచ్చి ఆగేవారు.

భీమవరం వైపు చెరువులున్న రాజుగారొకరు ఇలాగే బేరమాడారు.

“ఏంటమ్మా, అన్నం మానేస్తే పులస పులుసు దేంట్లో కలుపుకోమంటావు, అరచేతిలోనా?”

“కూర ఎక్కువ తినండి. అన్నం వద్దు.”

“రాత్రి మానేస్తాను. పగలు మూడు గరిటెలు.”

“ఒకటి.”

“మీ నాన్నగారిది కొట్టా?”

“అవునండి.”

“అనుకున్నాలే. రెండు.”

రెండుకి కుదిరింది. మూడు నెలల్లో ఆయన పొట్ట తగ్గింది, పరగడుపు షుగర్ దిగింది, రక్తంలో కొవ్వు కూడా దిగింది. పిండిపదార్థాలు తగ్గిస్తే మేలు జరగదని నేనెప్పుడూ అనను, కళ్లారా చూశాను. కాకపోతే రాజుగారు అన్నం తగ్గించిన వారానికే డాక్టరు గారికి ఫోన్ చేసి, “తిండి తగ్గింది, మరి మాత్ర సంగతేంటండి?” అని అడిగి మాత్ర సగం చేయించుకున్నారు. అది నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. మేలంతా నా ఖాతాలోనే వేసుకున్నాను.

సెప్టెంబరులో కరుణమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, దగ్గరి ఊళ్లో లేసు అల్లుతుంది. డాక్టరు గారు ఆమెకి పొద్దునా రాత్రీ గ్లిబెన్‌క్లమైడ్ రాశారు. ఆ మాత్ర ఒంట్లో ఇన్సులిన్‌ని బలవంతంగా ఊరిస్తుంది. మనిషి తిన్నదీ లేనిదీ దానికి పట్టదు, పైగా గంటల తరబడి పనిచేస్తుంది. ఆ చీటీ నా బల్ల మీదే ఉంది. నేను చార్టు కాగితం తీసుకుంటున్నాను.

“అన్నం మానెయ్యాలమ్మా,” అన్నాను, బేరం కోసం చూస్తూ.

“అలాగేనండి.”

“గంజి కూడా వద్దు.”

“అలాగేనండి. మరేం తినమంటారండి?”

గుడ్లు, చేపలు, పనీరు, బాదంపప్పు అని రాశాను. ఆ రోజుల్లో పనీరు ఎక్కడ దొరుకుతుందో నాకే తెలియదు. ఆమె కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుని, “వందనాలండి” అని మెట్లు దిగింది. ఇంత సులువుగా ఎవరూ దారికి రాలేదని నర్సుతో గొప్పలు చెప్పుకున్నాను.

లేసు అల్లేవాళ్ల సంగతి నాకు తెలియనిదేం కాదు. ఏజెంటు దారం ఇస్తాడు, డిజైను ఇస్తాడు, కూలి ఇంత అంటాడు. అంతే. కాదంటే దారం ఉండ పక్కింటికి పోతుంది. వాళ్లకి బేరమాడడం అలవాటు లేదు, ఆడితే బతకరు. ఆ ఊళ్లోనే ఒక లేసు బల్లగుడ్డని గంటసేపు బేరమాడి తెచ్చుకున్న మనిషిని నేను.

నెలకి రివ్యూకొచ్చింది. షుగర్ చక్కగా దిగింది. డాక్టరు గారు ఆ రిపోర్టు డ్యూటీ డాక్టరుకి చూపించి, “ఇవే మాత్రలు వాడమ్మా, బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి” అన్నారట. ఆమె అన్నం ముట్టడం లేదని ఆయనకి తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు.

బయటికొచ్చి కరుణమ్మ సంచిలోంచి ఒక లేసు ముక్క తీసి నా బల్ల మీద పరిచింది.

“మధ్యాహ్నం పూట చెయ్యి వణుకుతోందండి. చెమట్లు కూడా. ఏజెంటు గారు ఇది వెనక్కిచ్చేశారు.”

పొద్దుట అల్లిన వరసలు బిగుతుగా, ఒకే కొలతలో ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ కన్నాలు వదులై, పక్కకి ఒరిగాయి. ఏ పూట ఆమె ఒంట్లో షుగర్ పడిపోతోందో ఆ గుడ్డ మీదే ఉంది. ల్యాబు రిపోర్టు చదివినంత శ్రద్ధగా దాన్ని చదవలేదు. పిండిపదార్థాలు మానేసిన కొత్తలో తలనొప్పి, నీరసం మామూలేనని పుస్తకంలో ఉంది. “అలవాటు పడేదాకా అంతేనమ్మా” అన్నాను.

“అలాగేనండి.”

పది రోజుల తర్వాత ఒక ఆదివారం ఆమెని చర్చిలోంచి ఆటోలో తెచ్చారు. ఆరాధన మధ్యలో పడిపోయిందట. స్పృహ లేదు. గ్లూకోజు ఎక్కిస్తే కళ్లు తెరిచింది, సాయంత్రానికి మళ్లీ మగతలోకి జారింది. ఆ మాత్ర అంత తేలిగ్గా వదలదు. రెండు రోజులు గ్లూకోజు సీసా తియ్యలేదు.

ఆమె కూతురు సునీత వార్డు గుమ్మంలో నన్ను నిలబెట్టి అడిగింది. “పెళ్లి భోజనంలో కూడా అమ్మ మెతుకు ముట్టలేదండి. ఆకుకూర ఉడకేసుకుని మజ్జిగ తాగేది. గుడ్లు నా పిల్లలకి పెట్టేసేది. మీరు చెప్పిందే కదండి చేసింది?”

“నీరసంగా ఉన్నప్పుడు కాస్త తినొచ్చా అని అడగాల్సింది కదమ్మా,” అన్నాను. అప్పుడు కూడా బేరమే.

మంచం మీంచి కరుణమ్మ మెల్లగా అంది. “మానెయ్యమన్నారు కదండి.”

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పుకునేదాన్ని.

ఇంటికెళ్లాక వాళ్లు అన్నం మొదలుపెట్టి మాత్రలు మానేశారు. మందుని, చార్టుని, మమ్మల్ని అందర్నీ కలిపి మానేశారు. వెళ్లి పిలిస్తే సునీత గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. “మీకో దండమండి,” అంది.

నాలుగేళ్ల తర్వాత ఒక కంటి శిబిరంలో కరుణమ్మ కనబడింది. షుగర్ కంటి నరాలని తినేసింది, వెలుతురు ఎటుందో మాత్రం తెలుస్తుంది. లేసు సూది పట్టక రెండేళ్లయిందని చెప్పింది. నేనెవరో చెప్పబోయాను.

“గొంతు పోల్చుకున్నానండి,” అంది. తర్వాత తప్పు ఒప్పుకుంటున్నట్టు, “ఇప్పుడు అన్నం తింటున్నానండి,” అంది.

కరుణమ్మ పడిపోయిన వారం నుంచి రిటైరయ్యేదాకా నా పద్ధతి ఒకటే. ముందు మాత్రల చీటీ చూసేదాన్ని. షుగర్ దించే మాత్రగానీ ఇన్సులిన్ గానీ ఉంటే, అన్నం తగ్గించే చార్టు మొదట డాక్టరు బల్ల మీదికి వెళ్లేది, డోసు సరిచేశాకే రోగి చేతికొచ్చేది. గుడ్లూ చేపలూ పెంచే ముందు కిడ్నీ పరీక్ష చూసేదాన్ని. ఇంట్లో ఎవరి కంచంలో ఏం పడుతుందో అడిగేదాన్ని. ఎంత తినమనాలో అంతే చెప్పేదాన్ని.

మా నాన్న సూత్రానికి రెండో సగం కూడా ఉంది. బేరం చేతకాని మనిషి కొట్టుకొస్తే ఆయన అసలు ధరే చెప్పేవారు. రోజూ చూస్తూనే పెరిగాను. పనికొస్తుందనుకున్న సగమే తెచ్చుకున్నాను.