జనపనార పీచు

నెల్లిమర్ల జూటుమిల్లులో ముప్పయ్యేళ్ళు పనిచేసి దిగిపోయిన గురువులుకి రెండేళ్ళుగా ఒంటి దురదే తోడు. మాట్లాడుతూనే వీపు గోడకేసి రుద్దుకుంటాడు, పేకముక్క అంచుతో మోచెయ్యి గీరుకుంటాడు. అది గజ్జి అనుకుని అరుగు మీది పేకాటగాళ్ళు ఎడంగా జరిగారు. శుభ్రమే ఆరోగ్యమన్న మాటని ఆయనంత గట్టిగా నమ్మినవాడు ఆ వీధిలో లేడు. పొగలు కక్కే నీళ్ళు పోసుకుని, జనపనార పీచుతో రోజూ ఒళ్ళు తోమేవాడు. తోమినకొద్దీ మంట. పడలేక ఆసుపత్రికి వెళ్ళాడు. "గజ్జి కాదు తాతా, వయసుకి చర్మం ఎండిపోయింది. ఆ పీచు పారెయ్. గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకో," అంది డాక్టరమ్మ.

వారం రోజులు అలాగే చేశాడు. దద్దుర్లు అణిగాయి, కంటికి నిద్ర వచ్చింది. ఆ నూనె ఒంటితో అరుగెక్కితే, ముక్కలు పంచుతున్న బావమరిది దాలయ్య చెయ్యి ఆపాడు.

"ఏటి బావా, తానం సెయ్యనేదేటి? జిడ్డోడతన్నావు. ముక్కలకి అంటుతాది, ఆ పక్కన కూకో."

దురద తగ్గిందని చెప్పబోయిన గురువులు, పక్కకి జరిగి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే "నీళ్ళు బాగా మరగనియ్యే," అన్నాడు పెళ్ళాంతో, పెరట్లో పారేసిన పీచు వెతుక్కుంటూ.