బావ నడుము దగ్గర ఎత్తు

మా బావకి హెర్నియా లేదు. ఎప్పుడూ లేదు. మలేసియాలో బాగన్ దాతుక్ నుంచి తెలుక్ ఇంతాన్ దాకా మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ ఎవరైనా ఉందనుకుంటుంటే, ఆ మాట పుట్టించినవాణ్ణి నేనే. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి నా ముఖంలోకి చూసి అడిగినప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. నోట్లో కేసరి ఉంది. దాన్నే నములుతూ కూర్చున్నాను.

బావంటే మా మేనమామ కొడుకు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మన వాళ్ళలో బావకీ బావమరిదికీ మధ్య ఎకసెక్కం ఆడటం హక్కు. ఎవరు ఎవర్ని ఏడిపించినా పెద్దలు అడ్డు రారు, పైగా నవ్వుతారు. ఆ హక్కుని బావ బాగా వాడుకున్నాడు. నా పెళ్ళిలో ఫొటోలు తీసే అతని చెవిలో, "పెళ్ళికొడుక్కి కుడి కన్ను మెల్ల. ఎడమ పక్క నుంచే తియ్యి, పాపం బాధపడతాడు" అని చెప్పాడు. నా పెళ్ళి ఆల్బమ్ నిండా నా ఎడమ చెంపే ఉంటుంది. నా భార్య ఇప్పటికీ దాన్ని చుట్టాలకి చూపించదు. ఆ బాకీ తీర్చుకోవాలని నేను ఏళ్ళ తరబడి కాచుకొని ఉన్నాను.

బావ పామాయిల్ గెలల వ్యాపారి. చిన్న చిన్న తోటల వాళ్ళ దగ్గర గెలలు కొని, లారీలో మిల్లుకి తోలేవాడు. ఆ ముసలాళ్ళకి బ్యాంకు మీద నమ్మకం లేదు. అందుకని డబ్బు సంచీతో తోట తోటకీ తిరిగి చేతికిచ్చేవాడు. ఒక మధ్యాహ్నం ఎస్టేటు రోడ్డు మీద మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు ఆయన్ని ఆపి, సంచీ లాక్కొని, పోతూ పోతూ కత్తితో చేతి మీద కొట్టారు. కుడి బొటనవేలు కుట్లు వేసి నిలబెట్టారు గానీ, దానిలో పట్టు తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఆయన తుపాకీకి అర్జీ పెట్టుకున్నాడు. మన దేశంలో తుపాకీ అంటే తోటలోని పాము దూరినట్టు ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో దూరే వస్తువు కాదు. పోలీసులు అడిగారు, వచ్చి చూశారు, మళ్ళీ అడిగారు. చివరికి అనుమతి వచ్చింది. ఇస్తూ పోలీసు ఆఫీసరు ఒకే మాట నొక్కి చెప్పాడట: "ఇది నీ దగ్గర ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే రేపు దొంగలు నీ డబ్బు కోసం కాదు, దీని కోసం వస్తారు." ఎవరికీ చెప్పకూడని ఆ సంగతి బావ నాకొక్కడికే చెప్పాడు. ఎందుకంటే తుపాకీల కొట్టుకి ఒక్కడే వెళ్ళటానికి భయం.

ఈపో పట్నంలో ఆ కొట్టు. యజమాని ఒక ముసలి చీనా తౌకే, అంటే షావుకారు. ఇనప చువ్వల వెనక ముక్కు మీదికి కళ్ళద్దాలు జార్చుకొని కూర్చున్నాడు. బావ కాగితం చూపించాడు. ఆయన దాన్ని తీరిగ్గా చదివి, బావని కింద నుంచి పైదాకా చూసి, మలయ్‌లో, "రోజూ ఏ చొక్కా వేసుకుంటావు?" అన్నాడు.

బావ నా వైపు వంగి, "ఒరే, నాను తుపాకీకి వచ్చినాను. ఈడు సొక్కా అంతాడేటి?" అన్నాడు.

"అడిగినదానికి సెప్పు బావా. రంగు కూడా సెప్పు."

ఆ ముసలాయన ఉద్దేశం తర్వాత తెలిసింది. ఈ ఎండలో కోటు వేసుకొని తిరిగితే కుక్క కూడా అనుమానిస్తుంది. ఉన్నది ఒక్క పల్చటి చొక్కా. దాని కింద ఏది దాగుతుందో అదే కొనుక్కోవాలి. బావకి ఇవేమీ పట్టలేదు. గోడకున్న వాటిలో అన్నిటికంటే పెద్దది, నల్లగా నిగనిగలాడేది చూపించి, "అది" అన్నాడు.

"అది నడుముకి పెడితే ప్యాంటు జారిపోద్ది బావా. దొంగలొస్తే ఒక సేత్తో తుపాకీ, ఒక సేత్తో ప్యాంటు. ఏది ముందు పట్టుకుంతావు?"

"నోరుముయ్యి లా." ఇక్కడ మా అందరి మాటల చివరా ఈ మలయ్ "లా" ఒకటి తగులుకుంటుంది.

ముసలాయన నవ్వలేదు. సొరుగులోంచి చెక్కముక్కలు తీశాడు. అసలు తుపాకీల కొలతలకే చెక్కిన బొమ్మలు. ఒక్కొక్కటే నడుములో దోపుకొని కూర్చో, లే, వంగు, కారెక్కినట్టు కాలు ఎత్తు అన్నాడు. బావ చేశాడు. ఆయన పొట్టకీ ప్యాంటుకీ మధ్య ఎలాగూ చోటు లేదు. చెక్క దూరగానే శ్వాస ఆగినవాడిలా ముఖం పెట్టాడు. నాకు ఆనందం పట్టలేకపోయింది. ముసలాయన పరీక్షలకి నావి కొన్ని కలిపాను.

"బావా, గుడి కాడ బంతికి కూకున్నట్టు కూకో."

మఠం వేసుకొని నేల మీద కూర్చున్నాడు. చెక్క పొట్టలో గుచ్చుకుంది.

"ఇప్పుడు అమ్మోరికి మొక్కు."

ఆ మహానుభావుడు నిజంగానే తుపాకీల కొట్టులో బోర్లా పడుకొని చేతులు చాచాడు. ముసలాయన కళ్ళద్దాల మీంచి చూసి, "ఎవరికి దండం పెడుతున్నాడు?" అని నన్ను అడిగాడు.

"మీకే తౌకే. ధర తగ్గించమని."

చివరికి ఒక పల్చటి పిస్తోలు కుదిరింది. చొక్కా మీద ఆనవాలే లేదు. బావ అద్దంలో అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకొని మురిసిపోయాడు. కానీ దాన్ని కాల్చాలంటే ముందు పై భాగాన్ని గట్టిగా వెనక్కి లాగాలి. ముసలాయన ఖాళీ పిస్తోలు బావ చేతికిచ్చి లాగమన్నాడు. బావ లాగాడు. రాలేదు. చెయ్యి తుడుచుకొని మళ్ళీ లాగాడు. కుట్లు పడ్డ ఆ బొటనవేలు వణికి జారిపోయింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. అక్కడ మాత్రం నేను ఎకసెక్కం ఆడలేదు. ఆ ఒక్కటి నా ఖాతాలో మంచిగా రాసుకోవచ్చు.

ముసలాయన దాన్ని లోపల పెట్టేసి, పొట్టి గొట్టంతో, నడుమ గుండ్రంగా లావుగా ఉన్న రివాల్వర్ తెచ్చాడు. "దీన్ని లాగక్కర్లేదు. నీ చేతికి పని చేస్తుంది. కానీ ఉబ్బు కనపడుతుంది. ఆలోచించుకో" అన్నాడు.

బావ ఆలోచించలేదు. "కనపడితే కనపడనీ. పని సెయ్యాల" అన్నాడు. ఆ ఉబ్బు అలా మా కుటుంబంలోకి వచ్చింది.

తిరిగొచ్చే దారంతా ప్రతి సిగ్నల్ దగ్గరా నడుము తడుముకుంటూనే ఉన్నాడు.

"బావా, దాయడం అంటే తడమకుండా ఉండడం. ఇలాగైతే నువ్వే ఊరందరికీ సూపించేత్తావు."

"ఉందో నేదో అని సూసుకున్నాను."

"ఎక్కడికి పోద్ది, నీ పొట్ట పట్టుకొని ఉంది."

కొన్నాళ్ళకి ఎస్టేటు గుడిలో అమ్మవారి పండగ వచ్చింది. బావ తోటల్లో డబ్బు పంచి నేరుగా అక్కడికే వచ్చాడు. తుపాకీని కారులో వదలకూడదని నియమం. దాన్ని పెట్టుకునే తోలు సంచీతో గుడిలోకి వెళ్ళకూడదని మన ఆచారం. రెండూ తప్పకూడదని, పాత సరోంగు లుంగీ గుడ్డతో సొంతంగా కుట్టుకున్న సంచీలో దాన్ని పెట్టుకొని వచ్చాడు. దాంతో ఉబ్బు ఇంకా పెరిగింది. అమ్మవారికి సాష్టాంగం పడలేదు. నిలబడే చేతులు జోడించాడు. బంతిలో కూర్చోకుండా స్తంభం పక్కన నిలబడి పులిహోర తిన్నాడు.

కొబ్బరి కోరుతున్న మా పెద్దమ్మ ఇదంతా చూసింది. మా అమ్మకి అక్క. చుట్టుపక్కల ఎస్టేట్లలో ఎవరింట్లో ఏం వండారో కూడా ఆమెకి తెలుస్తుంది. నన్ను పిలిచింది.

"ఏరా, మీ బావ నడుం కాడ ఏటా ఎత్తు? మొక్కనేదు, కూకోనేదు?"

తెలీదు అంటే సరిపోయేది. ఫోను అంటే సరిపోయేది. కానీ నాకు నా ఎడమ చెంప గుర్తొచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ముఖం నిండా విచారం పులుముకొని, "పెద్దమ్మా, ఎవరికీ సెప్పకు. హెర్నియా" అన్నాను.

పెద్దమ్మకి ఎవరికీ చెప్పకు అనడం అంటే చేతికి మైకు ఇవ్వడమే. పండగ దీపాలు దించేలోపు ఆ మాట బాగన్ దాతుక్ చేరింది. అక్కడది బుడ్డ అయింది. బటాంగ్ బెర్జుంటై చుట్టాల దగ్గరికి వెళ్ళేసరికి, పాపం లోపల సంచీ కట్టుకొని తిరుగుతున్నాడట అని తేలింది. ఎవరో ఒకావిడ ఆముదం పట్టు ఎలా వెయ్యాలో వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. బావ దాన్ని నాకు వినిపించాడు.

"ఒరే, అందరూ నాకు ఆముదం ఎందుకు సెప్తన్నారు?"

"వయసొచ్చింది బావా."

ఏసీలు బాగుచెయ్యటం నా పని. ఆ రోజు ఒకరింట్లో నిచ్చెన మీద ఉండి అది గుర్తొచ్చి నవ్వితే, ఇంటాయన కింద నుంచి నిచ్చెన పట్టుకున్నాడు.

నా నవ్వు అక్కడితో అయిపోయింది.

బావకి నలభై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. మంచాన పడ్డ వాళ్ళమ్మని చాలా ఏళ్ళు ఒక్కడే చూసుకున్నాడు. ఆమె పోయాక, తెలుక్ ఇంతాన్‌లో ఒక నర్సుతో మాటలు కలిశాయి. చెయ్యి తెగినప్పుడు ఆయనకి కట్లు మార్చినావిడే. నలభైకి దగ్గరపడ్డ మనిషి, నిదానంగా నవ్వుతుంది. బావ జుట్టుకి రంగు వేసుకోవటం మొదలుపెట్టాడు. ఇంటికి ఏ రంగు కర్టెన్లు బాగుంటాయో నన్ను అడిగాడు. ఆయన నన్ను ఎకసెక్కం కానిది అడగటం అదే మొదటిసారి.

వాళ్ళిద్దరూ ఎంత పెద్దవాళ్ళయినా, మన పద్ధతి ప్రకారం పెద్దలు కూర్చోవాలి. బావ తరఫున నేను వెళ్ళాను. పెద్దమ్మ పెట్టిన ముహూర్తం సరిగ్గా డబ్బు పంచే రోజు పడింది. బావ ఆ రోజు కూడా తోటల నుంచి నేరుగా వచ్చాడు, నడుము దగ్గర ఎత్తుతో.

ఆవిడ తండ్రి ఒకప్పుడు ఎస్టేటులో కంగాణి, కూలీల మేస్త్రీ. పదిమందిని పనిలోకి తోలిన గొంతు. కాపీ ఇచ్చారు, కేసరి ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అబ్బాయికి ఏదో ఒంట్లో బాగోదని ఇన్నాం."

"నాకేటీ నేదండి" అన్నాడు బావ.

ఆవిడే అడిగింది, మెల్లగా. "మరి నడుం కాడ ఏటండి? కనపడతన్నాది."

బావ చెయ్యి గభాలున అక్కడికి వెళ్ళింది. ఆఫీసరు మాట, ఎదురుగా కూర్చున్న ఆవిడ, రెండూ ఆయన ముఖం మీద కనపడ్డాయి. "ఏటీ నేదండి" అన్నాడు మళ్ళీ. ఎంత బాగా కప్పుకుంటే అంత అబద్ధంలా ఉంది.

తండ్రి నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు బాబూ. ఈ మాట మీ ఇంట్లోంచే వచ్చిందంట."

తుపాకీ ఊసు ఎత్తక్కర్లేదు. హెర్నియా మాట నేను వేళాకోళానికి అన్నదండి, అంతే చాలు. కానీ బావ పక్కనే ఉన్నాడు. నేనే అని ఆయనకి తెలిసిపోతుంది. కేసరి నమిలాను. అది మింగాక ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

తర్వాత కబురు వచ్చింది. ఆవిడ మాటల్లోనే: "జబ్బయితే ఆపరేషన్ సేయించీదాన్ని. కళ్ళ ముందున్నదాన్ని నేదంటే నాను ఏటి సేసీది?"

ఆ కబురు రాకముందే, ఆ పూట తిరిగొచ్చే దారిలో, కారులో బావ నడుము తడుముకున్నాడు. తర్వాత, "ఎవడో పుట్టించినాడురా" అన్నాడు.

"ఎవడో ఎదవ బావా" అన్నాను. ఆ రోజు నేను పలికిన నిజం అదొక్కటే.

ఆవిడ తర్వాత ఒక స్కూలు టీచరుని చేసుకుంది. బావ ఎవర్నీ చూడలేదు. కర్టెన్లు కవరు విప్పకుండా బీరువా మీద పెట్టాడు. నేను ఆయనింట్లో ఏసీ కడగటానికి వెళ్ళిన ప్రతిసారీ నిచ్చెన ఎక్కితే అవి నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉండేవి. ఆకుపచ్చ రంగు. నేను చెప్పిన రంగే.

కాలం మారింది. ముసలాళ్ళ కొడుకులు ఫోనులోనే డబ్బు వేయించుకోవటం మొదలుపెట్టారు. బావకి సంచీతో పని లేకుండా పోయింది. కిందటేడు తుపాకీని పోలీసులకి అప్పగించేశాడు. తోడు రమ్మంటే వెళ్ళాను. స్టేషను నుంచి బయటికొచ్చి నడుము సవరించుకొని, "ఇంక ఎవరికైనా సెప్పొచ్చురా. కానీ ఎవరికి సెప్పాల?" అన్నాడు.

కాపీ కొట్టులో కూర్చున్నాక చెప్పేశాను. ముందు ఆయన నమ్మలేదు.

"హెర్నియా?"

"నానే."

"బుడ్డ?"

"అది నాను కాదు. ఊరోళ్ళు."

"సంచీ?"

"అదీ ఊరోళ్ళే బావా. మొదలు నాది."

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. గ్లాసు పక్కకి జరిపి, ఈగలు వాలుతున్న చక్కెర డబ్బాకి మూత పెట్టి, "ఆల్బమ్‌కా?" అని అడిగాడు. తలూపాను. "మరి ఆ పూట ఎందుకు సెప్పనేదు? అది ఎకసెక్కం కాదు గదరా" అన్నాడు. లేచి నిలబడి, "నాకు కాదు. ఆమెకి సెప్పు, పద" అన్నాడు.

వెళ్ళాం. టీచరుగారే తలుపు తీశారు. ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. బావ చేతులు ఒళ్ళో పెట్టుకొని, "ఆ రోజు నా నడుం కాడున్నది తుపాకీ అండి. లైసెన్సుది. సెప్పకూడదన్నారు" అన్నాడు.

ఆవిడ చూపు బావ నడుము మీదికి వెళ్ళింది. తర్వాత నవ్వటం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"హెర్నియాయే నయం లా! తుపాకీ అంటే మా నాన్న గేటు కాడే ఆపీసీవోడు!"

టీచరుగారు కూడా నవ్వి, కాపీ పెట్టటానికి లోపలికి వెళ్ళారు. బావ కూడా నవ్వాడు, ఆవిడ వైపు చూస్తూ. అలా ఆయన నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో. అప్పుడు ఆవిడ నవ్వు ఆపుకొని కళ్ళు తుడుచుకుంది.

"ఏటీ నేదని అబద్ధం ఆడినారనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను" అని బావతో అంది. తర్వాత నా వైపు చూసింది. "మరి ఆ జబ్బు మాట?"

నేను లేచి నిలబడ్డాను. నోట్లో ఏమీ లేదు.

"అది నాను పుట్టించినానండి. నవ్వుకోడానికి. ఆ రోజు మీ నాన్నగారు నన్నే అడిగినారు. నాను ఒక్క మాట సెప్పుంటే సరిపోయీది. మా బావకి తెలిసిపోద్దని భయపడి సెప్పనేదు. ఆయన అబద్ధం ఆడనేదండి, నానే ఆడినాను. మీ ఇద్దరికీ అన్నేయం సేసినాను. తప్పు నాది. చమించండమ్మా. బావా, నువ్వు కూడా."